సాక్షిగా పుట్టించిన ప్రాణి

ఒక ఊరి నీటిలోగాని, గాలిలోగాని, మంటిలోగాని జన్యువులను చెరచు విషము కలదా లేదా అని తెలిసికొనుటకు ఒక ప్రాణిని ప్రత్యేకముగా పుట్టించి, దాని శరీరమునే కొలబద్దగా వాడి, తుదకు దానిని చంపుట ధర్మమగునా? ఈ ప్రశ్న దూరదేశముల ప్రయోగశాలలలో పుట్టినదైనను కడప జిల్లాకు పరాయిది కాదు. పులివెందుల ప్రాంతమున యురేనియం గని కలదు. అదే ప్రాంతమున రాతినార త్రవ్విన గుట్టలు కలవు. ప్రొద్దుటూరున తరతరములుగా మగ్గములపై బ్రతికిన వీధులు కలవు. జమ్మలమడుగు ప్రక్కగా పారు పెన్న, ఆ పెన్నలో కలియు చిత్రావతి, పాపఘ్ని ఈ సీమ దప్పి తీర్చుచున్నవి. మాంసము ముట్టని, ప్రాణిహింసను దోషముగా తలచెడి కుటుంబములు ఈ మూడు పట్టణములందును కలవు. అట్టి ఇంటిలోని తల్లి తన బిడ్డ త్రాగు నీటిని గూర్చి నిజము తెలిసికొనగోరుట సహజము. ఆ నిజమును ఒక చుంచెలుక ప్రాణముతో కొనవలసి వచ్చినచో ఆమె ఏమనవలెను?

వేముల మండలములోని తుమ్మలపల్లెయందు భారత యురేనియం సంస్థ గనికి, శుద్ధి కర్మాగారమునకు 2007లో శంకుస్థాపన జరిగినది. 2012లో కర్మాగారము పని ప్రారంభించినది. ఇచ్చట 49,000 టన్నుల నిల్వ నిర్ధారణమైనదనియు, అది అంతకు మూడింతల వరకు పెరుగవచ్చుననియు 2011లో అణుశక్తి శాఖ ప్రకటించినది. నిల్వ గొప్పదే కాని ధాతువు పలుచన. టన్ను రాతిలో యురేనియం అర కిలో కూడ ఉండదు. దినమునకు 3,000 టన్నుల రాతిని అరగదీయుటకు కట్టిన కర్మాగారమది. రాతిని పిండిచేసి, సోడా కలిపిన వేడి ద్రావణములో ఒత్తిడిపై ఉడికించి యురేనియమును విడదీయుదురు. అట్లు వచ్చిన పసుపుపచ్చని పదార్థము హైదరాబాదులోని అణు ఇంధన సముదాయమునకు పోవును. తక్కిన రాయి యంతయు బురదయై కొట్టాల గ్రామ సమీపమున కట్టిన వ్యర్థముల చెరువునకు చేరును. యురేనియముతోపాటు భూగర్భమున పుట్టిన రేడియం మొదలగునవి ఆ బురదలోనే మిగులును. ధాతువునకు గల రేడియోధార్మికతలో అధిక భాగము వానిదే.

ఆ చెరువు చుట్టుప్రక్కల రైతులు కొన్ని యేండ్లుగా ఒకే మాట చెప్పుచున్నారు. బోరు నీరు మారినదనియు, అరటి తోట ఎదుగుట లేదనియు, నేలపై తెల్లని ఉప్పు పేరుకొనుచున్నదనియు, జీవాలు జబ్బుపడుచున్నవనియు, ఒంటిపై దద్దురులు లేచుచున్నవనియు వారి మొర. సంస్థ ఈ ఆరోపణలను అంగీకరింపలేదు. ఆ నేలలో యురేనియం స్వభావసిద్ధముగనే కలదు గదా అని దాని వాదము. చెరువు అడుగున నీరు ఇంకకుండ పరువవలసిన పొర విషయమై వివాదము చెలరేగినది. 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసు ఇచ్చినది. 2019లో నిపుణుల సంఘము పరిశీలనకు వచ్చినది. రైతు మాట రైతుది, సంస్థ మాట సంస్థది. నడుమ నీరు మాత్రము దినదినమును త్రాగబడుచునే యున్నది.

నీటిని సీసాలో పట్టి యంత్రముతో కొలిచిన సరిపోదా అని ఎవరైనను అడుగవచ్చును. కొలువవచ్చును, కొలువవలెను. కాని కొలత చెప్పున దెంత? త్రాగునీటిలో యురేనియం లీటరునకు 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. భారత అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు 60. నలుబదియైదు వచ్చిన బోరు నీరు ఒక పుస్తకము ప్రకారము విడువదగినది, మరియొక పుస్తకము ప్రకారము త్రాగదగినది. మీదుమిక్కిలి ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు ముఖ్యముగా మూత్రపిండములకు కలుగు హానిని ఎంచి పెట్టినది. జన్యువులకు కలుగు హాని వేరొక లెక్క. ఊరి నీటిలో ఒక్క యురేనియమే ఉండదు. లవణములు, ఇతర లోహములు, చేలపై చల్లిన పురుగుమందులు అన్నియు కలిసి ఒకే కడవలోనికి వచ్చును. యంత్రము తాను వెదకిన పదార్థమునే చూపును. కలగలుపు విషము శరీరమున ఏమి చేయునో శరీరమే చెప్పవలెను. జంతువును సాక్షిగా పిలుచు అవసరము ఇచ్చట పుట్టినది.

జీవకణములో జన్యువులు గ్రంథమునందలి అక్షరములవలె వరుసగా కూర్పబడి యుండును. రేడియోధార్మిక కిరణముగాని, కొన్ని రసాయనములుగాని తగిలినప్పుడు ఒక అక్షరము మారవచ్చును, ఒక వరుస తెగిపోవచ్చును. దీనిని ఉత్పరివర్తనము అందురు. కణము చాలవరకు ఈ తప్పులను తానే దిద్దుకొనును. దిద్దుబాటు కానివి నిలిచిపోవును. అట్టిది కాలేయమునందో ఊపిరితిత్తులయందో నిలిచినచో ఇరువది ముప్పది యేండ్లకు కేన్సరుగా బయటపడవచ్చును. బీజకణమునందు నిలిచినచో పుట్టబోవు సంతతికి సంక్రమింపవచ్చును. తప్పు చేసినవాడు నేడు ఉండును. నష్టపోవువాడు ఇంకను పుట్టియుండడు. ఇట్టి విషయమున ఎవరి ఫిర్యాదు ఎవరు వినగలరు?

భయమును పెంచి చెప్పుట కూడ అధర్మమే. హిరోషిమా, నాగసాకి నగరములలో బాంబు వాతబడి బ్రతికిన వారి సంతానమును దశాబ్దముల తరబడి పరిశీలించిన శాస్త్రజ్ఞులకు వంశానుగతమైన హాని స్పష్టముగా కనబడలేదు. అది బాధితులలో కేన్సరుగా మాత్రము కనబడినది. ఎలుకలయందు వంశానుగతమైన హాని కూడ కనబడినది. కనుక ఎలుక పలికిన ప్రతి మాటయు మనుష్యునకు అక్షరాల అన్వయించునని పట్టుబట్టుట తగదు.

ప్రాణులను లెక్కించి జన్యుహానిని పట్టుట కొత్త విద్య కాదు. ఎక్స్‌కిరణములు ఈగల సంతతిలో మార్పులు పుట్టించునని 1927లో హెర్మన్ ముల్లర్ నిరూపించెను. అందుకు 1946లో నోబెల్ బహుమతి లభించినది. పిమ్మట అమెరికాలోని ఓక్‌రిడ్జ్ ప్రయోగశాలలో విలియం రస్సెల్ చుంచెలుకలను పెంచి, వాని పిల్లల రోమముల రంగు, చెవుల ఆకారము చూచి మార్పులను లెక్కించెను. మార్పు అతి అరుదుగా వచ్చును గనుక ఒక్కొక్క ప్రశ్నకు వేలు, మొత్తము మీద లక్షల కొలది ఎలుకలు కావలసి వచ్చెను. ఈ సంఖ్యను జ్ఞాపకముంచుకొనవలెను. తరువాత వచ్చిన జన్యుమార్పిడి ఎలుకను తూచునప్పుడు తక్కెడలో రెండవ తట్టయందు ఉండునది ఈ సంఖ్యయే.

1989లో నెదర్లాండ్సు శాస్త్రజ్ఞులు ఒక కొత్త చుంచెలుక వంశమును వెలువరించిరి. ఆ ఎలుక ప్రతి కణమునందును బాక్టీరియానుండి తెచ్చిన ఒక చిన్న జన్యువు, బాక్టీరియాలను ఆశ్రయించి బ్రతుకు వైరసు యొక్క డి.ఎన్.ఏ. సంచిలో పెట్టి చేర్చబడినది. దానికి మ్యూటామౌస్ అని పేరు. కొలది కాలమునకే అమెరికానుండి బిగ్ బ్లూ అను మరియొక వంశము వచ్చినది. ఆ చేర్చిన జన్యువుతో ఎలుకకు పని లేదు. దానివలన ఎలుకకు ఆకలి పెరుగదు, నొప్పి కలుగదు. అది కేవలము కణమునందు మౌనముగా కూర్చున్న ఒక చీటి వంటిది. ఎలుక తిన్నది, త్రాగినది, పీల్చినది జన్యువులను చెరచునదైనచో ఆ చీటిపై కూడ గీతలు పడును. ఎలుకను చంపి, కాలేయమునుండియో మజ్జనుండియో డి.ఎన్.ఏ.ను తీసి, ఆ చీటిని మరల వైరసులో చుట్టి బాక్టీరియాల పళ్లెముపై చల్లుదురు. బిగ్ బ్లూ విషయమున చెడిన జన్యువు ఉన్నచోట నీలిరంగు చుక్క తేలును. ఆ పేరునకు కారణమదియే. ఏ విషమును సోకని ఎలుకయందును లక్షకు కొన్ని చుక్కలు ఉండనే ఉండును. విషము సోకిన ఎలుకయందు అవి ఎంత పెరిగినవో చూచుటయే పరీక్ష.

ఈ పరీక్షకు ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ 2011లో 488వ మార్గదర్శకముగా నియమావళి నిర్ణయించినది. 28 దినములు ప్రతిదినమును పదార్థమును ఇయ్యవలెను. ఒక్కొక్క వర్గమునకు కనీసము ఐదేసి ప్రాణులు ఉండవలెను. మోతాదులు మూడు, మోతాదు లేని వర్గమొకటి. బీజకణముల హానిని చూడవలెనన్నచో మరి 28 దినములు ఆగవలెను. లెక్కింపగా ఇరువది ముప్పది ఎలుకలతో పని తీరును. ఓక్‌రిడ్జ్ వేలతో పోల్చి చూచినచో ఇది స్వల్పము. పైగా ఒకే ఎలుకనుండి ఊపిరితిత్తి, కాలేయము, మజ్జ, బీజకోశము అన్నియు సాక్ష్యము చెప్పును.

నీటి విషయమున ఎలుకకంటె చేప సమీప సాక్షి. 2000వ సంవత్సరమున అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయమున రిచర్డ్ విన్ బృందము మెడాకా అను చిన్న చేపయందును, జపాను శాస్త్రజ్ఞులు జీబ్రా చేపయందును ఇట్టి సాక్షి జన్యువులను నిలిపి నీటిలోని విషములను పట్టవచ్చునని చూపిరి. చేపకు నోట పోయనక్కరలేదు. అది ఉండునదే ఆ నీటిలో. అయినను ఇచ్చట ఒక అపాయము కలదు. జీబ్రా చేప గంగా బ్రహ్మపుత్రల ప్రాంతమునకు స్వస్థలవాసి, భారతదేశపు చేప. జన్యుమార్పిడి చేపను ఇచ్చటి వాగులలో విడిచినచో తన జాతివారితో కలిసిపోవచ్చును. అట్టి ప్రాణుల పెంపకమునకు 1989 నియమముల క్రింద కేంద్ర ప్రభుత్వ అనుమతి కావలెననుట అందుకే. సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయమున 1999 ప్రాంతమున కాలుష్యమును వెలుగుతో తెలుపవలెనని సంకల్పించి మెరయు జీబ్రా చేపలను పుట్టించిరి. కొలది యేండ్లలో ఆ చేపలు అమెరికా దుకాణములలో ఇంటి అలంకారమునకు అమ్ముడుపోయినవి. వాని సంతతి పెంపక కేంద్రములనుండి తప్పించుకొని బ్రెజిల్ వాగులలో నిలదొక్కుకొన్నట్లు 2022లో పరిశోధకులు ప్రకటించిరి. విషమును తెలుపుటకు పుట్టించిన ప్రాణి బొమ్మయైనది. ఆ బొమ్మ ఏటికి ఎక్కినది.

ఇక ఈ సాక్ష్యమువలన లోకమునకు ఏమి ఒరిగినదని అడుగవలసి యున్నది. పులివెందుల ప్రాంతపు రాతినారకు సంబంధించిన కథ ఈ ప్రశ్నకు మిక్కిలి ఉపకరించును. బ్రాహ్మణపల్లె గుట్టలలో త్రవ్వినది తెల్ల రాతినార. దక్షిణాఫ్రికాలో త్రవ్వినది నీలి రాతినార. అది మరింత క్రూరమైనది. ఆ నీలి గనుల ప్రాంతమున ఊపిరితిత్తులను కప్పియుండు పొరకు అరుదైన కేన్సరు వచ్చిన 33 మందిని వాగ్నరు, అతని సహచరులు 1960లో లెక్కించి ప్రకటించిరి. వారిలో గనిలో పని చేసినవారే కాక ఆ ప్రక్కన పెరిగిన వారును ఉండిరి. 1987 నాటికి రాతినార మనుష్యులకు కేన్సరు కలిగించునని అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ నిస్సందేహముగా వర్గీకరించెను. బిగ్ బ్లూ ఎలుకలకు నీలి రాతినార ధూళిని పీల్పించి, వాని ఊపిరితిత్తుల డి.ఎన్.ఏ.లో మార్పులు పెరిగినవని ఫ్రెంచి శాస్త్రజ్ఞులు చెప్పినది 2000లో. మనుష్యులు చచ్చి చెప్పిన నలుబది యేండ్లకు ఎలుక వచ్చి ఔననెను.

అద్దకపు రంగుల విషయము ఇంకను పాతది. జర్మనీ రంగుల కర్మాగారములలోని కూలీలకు మూత్రాశయమున కంతులు పుట్టుచున్నవని లుడ్విగ్ రేన్ అను వైద్యుడు 1895లో గుర్తించెను. భారతదేశమున బెంజిడీన్ ఆధారమైన రంగులు, కొన్ని ఆజో రంగులు కలిసి 112 నిషేధింపబడినది 1997 నాటికి. నూటరెండు సంవత్సరములు! ఈ మధ్యకాలమున నూలు ముంచిన చేతులు ఎన్ని, ఆ నీరు పోసిన కాలువలు ఎన్ని? ఆ రంగులతో బ్రతికిన వారెవ్వరును తాము పరీక్షా జంతువులమని తలచి యుండరు. వారిని ఎవరును లెక్కించలేదు గనుక వారు సాక్షులు కూడ కాలేదు.

ధర్మవిచారమున ఈ స్థానమునకు వచ్చి నిలిచిన పిదప మొదటి ప్రశ్న రూపము మారును. ఎలుకను చంపవచ్చునా అనునది అట్లే యుండగా, ఎలుకను చంపని చోట ఎవరు చచ్చుచున్నారు అను రెండవ ప్రశ్న దానికి జత కలియును.

బసవేశ్వరుడు పన్నెండవ శతాబ్దమున కళ్యాణమునందు యజ్ఞపశువును, గుడిబలిని నిరాకరించెను. బలికి తెచ్చిన మేకను గూర్చి అతడు చెప్పినప్పుడు యజమాని పక్షమున కాక మేక పక్షమున నిలిచి చూచెను. ధర్మమునకు వేరు దయలో ఉన్నదని అతని బోధ. ఆ బోధను నమ్మినవారు ప్రయోగశాలను చూచి, ఇది మరియొక యజ్ఞశాల కాదా అని శంకించినచో ఆ శంకను మూఢత్వమని త్రోసివేయరాదు. అచ్చట పుణ్యము కొరకు పశువు, ఇచ్చట జ్ఞానము కొరకు పశువు. అచ్చటను ఇచ్చటను పశువును ఎవరును అడుగలేదు. భేదమెక్కడ? యజ్ఞఫలము ఎవరికిని కనబడదు, ఎవరును పరీక్షింపలేరు, అది యజమానికే చెందునని చెప్పుదురు. ప్రయోగఫలము లెక్కలలో వ్రాయబడును, మరియొకరు సరిచూడవచ్చును, అది ఊరందరికి చెందవచ్చును. చెందవచ్చును అను మాటయందే చిక్కు అంతయు ఉన్నది. లెక్క బీరువాలో పెట్టి తాళము వేసినచో, ఊరికి చెప్పకున్నచో, చెప్పియు చెరువును సరిచేయకున్నచో ఆ ఎలుక చావునకును యజ్ఞపశువు చావునకును భేదము మిగులదు.

ప్రాణిని తన యిచ్చవచ్చినట్లు మలచుట ఈశ్వరసృష్టిలో చేయి పెట్టుట కాదా అను ఆక్షేపణ కూడ వినవచ్చును. ఈ ఆక్షేపణ బలము తక్కువది. పాడికిని దుక్కికిని ఎంచి ఎంచి పశుజాతులను మలచుట మనుష్యుడు వేల యేండ్లుగా చేయుచున్నాడు. మలచుటలో కాక, మలచిన ప్రాణికి కేటాయించిన బ్రతుకులో దోషమును వెదకవలెను. ఎద్దు పని చేయును, మేపబడును, ఎండలో వానలో తిరుగును. ఈ చుంచెలుక పుట్టుటయే హాని పొందుట కొరకు. దాని జీవితమున హాని ప్రమాదవశమున రాదు. అదియే దాని ఉద్యోగము. ఇది మరువదగిన విషయము కాదు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టము ప్రయోగములను అనుమతించుచునే, పెద్ద జంతువుతో అగు పనిని సాధ్యమైనచో ఎలుక, కప్ప వంటి చిన్న జంతువుతో చేయుమని చెప్పుచున్నది. చట్టమునకు అది సరిపోవచ్చును. చీమయందును ప్రాణలింగమును చూడగోరు వారికి ఆకారమును బట్టి ప్రాణమునకు వెల కట్టుట అంత సులభము కాదు.

కనుక జంతువు వరకు పోకుండ నిజము తెలిసికొను మార్గములున్నచో ముందు వానినే అనుసరింపవలెను. అట్టివి కలవు. కడప జిల్లా రైతుకు ఎర్రగడ్డను పరిచయము చేయనక్కరలేదు. ఎర్రగడ్డ వేరును పరీక్షింపవలసిన నీటిలో ఉంచి, వేరుకొనయందలి కణములు చీలునప్పుడు క్రోమోజోములు తెగినవా చిక్కుపడినవా అని సూక్ష్మదర్శినిలో చూడవచ్చును. స్వీడను శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ లెవాన్ 1938లో చూపిన మార్గమిది. ఖర్చు స్వల్పము. ఒక డిగ్రీ కళాశాల వృక్షశాస్త్ర విభాగమున సూక్ష్మదర్శిని ఉన్నచో విద్యార్థులే చేయగలరు. కొట్టాల బోరు నీటిలో ఒక గడ్డ, దూరపు ఊరి నీటిలో ఒక గడ్డ, రెండింటి పోలిక. బ్రూస్ ఏమ్స్ 1973లో రూపొందించిన బాక్టీరియా పరీక్ష కూడ లోకమంతట వాడుకలో నున్నది. అయితే బాక్టీరియాకు కాలేయము లేదు. శరీరములో కాలేయము చేయు మార్పును అనుకరించుటకు ఆ పరీక్షలో ఎలుక కాలేయపు సారమునే కలుపుదురు. రక్తమంటని పరీక్ష అనుకొన్నదానిలోను ఎలుక ఉండనే ఉన్నది. ఎర్రగడ్డ కూడ బీజకోశమును గూర్చియు, ఊపిరితిత్తిని గూర్చియు ఏమియు చెప్పజాలదు. వృక్షము, బాక్టీరియా అనుమానమును లేవనెత్తగలవు. ఆ అనుమానము బలమైనదై, దానిపై వేలమంది క్షేమము ఆధారపడి, వేరు దారి లేనప్పుడు మాత్రమే ఎలుకను పిలువవలెను.

అప్పుడు పిలువవచ్చును అనియే ఈ విచారము తేల్చుచున్నది. దయ పేరిట ఎలుకను విడిచి, తెలియని విషమును బిడ్డకు పోయుట దయ అనిపించుకొనదు. వ్యర్థముల చెరువు చుట్టు ఊళ్లలో ఈ పరీక్ష ఇప్పటికే ఒక విధముగా నడచుచున్నది. గొర్రె ఆ నీరే త్రాగును, ఎనుము ఆ నీరే త్రాగును, బడికి పోవు పిల్ల ఆ నీటితోనే స్నానము చేయును. వారి కణములలో సాక్షి జన్యువు లేదు, వారికి ఎదురు నిలుపు పోలిక వర్గము లేదు, 28 దినముల గడువు లేదు. ప్రయోగశాలలో చుంచెలుక చచ్చినచో దాని సంఖ్య పుస్తకమున వ్రాయుదురు. దానికి నీతి సంఘము అనుమతి కావలెను. కాపరి గొర్రె చచ్చినచో అతడు దానిని ఈడ్చి పారవేసి, నష్టము తానే భరించును. ఆ చావునకు అనుమతి ఇచ్చినవారు లేరు గనుక బాధ్యులును లేరు.

అయినను ఒక షరతు లేక ఎలుకను పిలుచుట తగదు. పరీక్షకు పూర్వమే, ఫలితము ఇట్లు వచ్చినచో ఇది చేయుదుము, అట్లు వచ్చినచో అది చేయుదుము అని సంస్థయు, కాలుష్య నియంత్రణ మండలియు, ప్రభుత్వమును వ్రాసి ఊరి ఎదుట పెట్టవలెను. చుక్కలు పెరిగినచో చెరువు అడుగునకు పొర వేయుదురా, బురద పోయుట ఆపుదురా, బోరులు మూసి మంచినీరు తెచ్చెదరా, తోటలు పోయిన రైతునకు పరిహారమెంత? చుక్కలు పెరుగనిచో రైతులును ఆ నీటిపై జన్యుహాని ఆరోపణను విడువవలెను. అరటికి పట్టిన చీడకు, ఉప్పుకు వేరు కారణము వెదకవలెను. ఇరుపక్షములును ముందుగా కట్టుబడనిచో, వచ్చిన ఫలితమును నచ్చనివారు ఎలుక మనుష్యుడు కాదు గదా అందురు. నచ్చినవారు ఎలుకయే ప్రమాణమందురు. అట్టి వాదమునకు ఒక ప్రాణిని బలి ఇచ్చుట వ్యర్థము. పటాన్‌చెరు పరిశ్రమల మురుగునీటిని పలుచగా కలిపి కప్పపిల్లలపై పరీక్షించి, వాని ఎదుగుదల కుంటుపడినదని స్వీడను శాస్త్రజ్ఞులు 2009లో ప్రకటించిరి. ఆ కప్పపిల్లల సాక్ష్యము ప్రపంచ పత్రికలకు ఎక్కినంత వేగముగా నక్కవాగు ఒడ్డు ఊళ్లకు మేలు చేసినదా అని అచ్చటివారిని అడుగవచ్చును.

ఖర్చును గూర్చి కూడ ఒక మాట. తుమ్మలపల్లె యురేనియం వెలిగించు దీపములు దేశములో ఎచ్చటనో వెలుగును. వెలుగు అందరిది, బురద ఆ నాలుగైదు ఊళ్లది. గనిలో పని దొరికిన కుటుంబములు కూడ ఆ ఊళ్లయందే కలవు. వారికి గని కాయకము, కూడు పెట్టునది. గనిని నిందించిన పొరుగువానికిని, గనిలో దిగెడి కొడుకునకును ఒకే బోరు నీరు. బసవేశ్వరుడు బిజ్జలుని కొలువులో భండారి. వచ్చినదెంత, పోయినదెంత, ఎవరికి చెందినదెంత అని లెక్క చూచుట అతని నిత్యకాయకము. దాసోహమును బోధించినవాడు, లాభము ఒకచోట రాసి, నష్టము మరియొకచోట వ్రాయకుండ విడిచిన పద్దును ఒప్పుకొనునా? పరీక్ష వ్యయము, మంచినీటి వ్యయము గనిని నడుపువారి పద్దులోనే చేరవలెను.

పరీక్ష చేయుటకు దూరదేశములకు పోనక్కరలేదు. హైదరాబాదులో కణజీవశాస్త్ర పరిశోధన కేంద్రము కలదు. జాతీయ పోషకాహార సంస్థయందు ప్రయోగ జంతువుల కేంద్రము కలదు. కొరత విద్యలో లేదు. నీటిని ఎవరు పట్టవలెను, ఏ బోరులనుండి పట్టవలెను, సీసాలకు ముద్ర ఎవరు వేయవలెను అనునవి తగవులు తెచ్చు విషయములు. రైతుల పక్షమున ఒకరు, సంస్థ పక్షమున ఒకరు ఎదుట నిలువగా నీరు పట్టవలెను. నివేదికను తెలుగున వ్రాసి గ్రామసభలో చదివి వినిపింపవలెను. చదువు రానివారు ప్రశ్నింపగా జవాబు చెప్పుటకు వ్రాసినవారే రావలెను.

అన్నిటికంటె ముందుగా తేల్చవలసినది మరియొకటి కలదు. ఎలుకలకు నీరు పోయుటకు 28 దినములు, బీజకణముల హానికి ఇంకొక 28 దినములు, ఆ పిమ్మట లెక్కింపునకు కొన్ని వారములు పట్టును. అంతకాలము కొట్టాలలో మనుష్యులు, పశువులు ఏ బోరు నీరు త్రాగవలెను, ట్యాంకరు దినమునకు ఎన్నిసార్లు రావలెను, దాని బాడుగ ఎవరు కట్టవలెను అనునది మొదటి ఎలుకను గూటినుండి తీయుటకు పూర్వమే కాగితముపై పెట్టవలసి యున్నది.